యాడ్స్ సంగతి తర్వాత, ముందు లెక్కలు చూపించమన్న అక్కకి

మా ఆన్‌లైన్ నోటుపుస్తకాల దుకాణానికి ఈమధ్య సాయం చేసినవాళ్లందరికీ నలుగురి ముందూ థాంక్స్ చెబుదామని ఈ పోస్టు. మొదట చెప్పాల్సింది మా పెద్దమ్మ కూతురికి. మార్కెటింగ్‌లో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. ఫీజు మాటెత్తితే ఫోన్ పెట్టేస్తానంది.

చిన్న వ్యాపారం పెట్టామంటే చాలు, సలహాలకి కొదవుండదు. ఫాలోవర్లు పెరిగితే ఆర్డర్లు వాటంతటవే వస్తాయంటారు. గూగుల్‌లో యాడ్స్ ఇస్తే మామూలు సెర్చ్‌లో కూడా పైకొస్తారంటారు. ఈమెయిల్ ఎవరు చదువుతారండీ అంటారు. ప్రచారానికని కొంత డబ్బు తీసిపెట్టి, ఎక్కడ ఖర్చుపెడితే మంచిదో అడగడానికే అక్కకి ఫోన్ చేశాం. జవాబు చెప్పకుండా తనే అడిగింది: "మీ సైటుకి ఇప్పుడు వచ్చేవాళ్లు ఏం వెతుక్కుంటూ వస్తున్నారు? కొనకుండా ఏ పేజీ నుంచి వెళ్లిపోతున్నారు? ఈ రెండూ చెప్పు, తర్వాత డబ్బు గురించి మాట్లాడదాం."

మొదటి ప్రశ్నకి జవాబు గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో ఉచితంగానే దొరికింది. జనం ఏ మాటలు టైప్ చేస్తే మన పేజీ కనిపించిందో, ఎంతమంది నొక్కారో అందులో తెలుస్తుంది. మా పేజీలో "ప్రీమియం హ్యాండ్‌మేడ్ జర్నల్" అని గొప్పగా ఉంది. జనం వెతికేదేమో "గీతలు లేని నోట్‌బుక్", "ఇంకు వెనక్కి దిగని పేపర్". అక్క పక్కన కూర్చుని ప్రతి పుస్తకం పేరూ, కింద రాసే మొదటి రెండు వాక్యాలూ మార్పించింది. అంతే, పైసా ఖర్చు లేదు.

ఆ సమయంలోనే ఒక ఏజెన్సీ వాళ్లు, కీవర్డ్స్ ట్యాగ్ (పేజీ కోడ్‌లో చూసేవాళ్లకి కనపడకుండా రాసే మాటల జాబితా) నింపి వారంలో మొదటి పేజీకి తెస్తామన్నారు. ర్యాంకింగ్‌కి ఆ ట్యాగ్‌ను చూడనే చూడమని గూగుల్ 2009లోనే ప్రకటించిందని అక్క చూపించింది. యాడ్స్‌కి కట్టే డబ్బుకీ మామూలు సెర్చ్‌లో వచ్చే స్థానానికీ సంబంధం లేదనీ, సెర్చ్ కోసం చేసిన మార్పుల ఫలితం కనిపించడానికి సాధారణంగా 4 నెలల నుంచి ఏడాది పడుతుందనీ కూడా గూగుల్ చెబుతోంది. ఏజెన్సీ వాళ్లకి మర్యాదగా వద్దన్నాం.

రెండో ప్రశ్న దగ్గరే అసలు పని జరిగింది. కార్ట్‌లో వేసి వదిలేసేవాళ్లని చూసి నాకు టెన్షన్ పట్టుకుంది. ఎక్కడైనా అంతేనంది అక్క. ఆన్‌లైన్ షాపింగ్ సైట్ల మీద పరిశోధన చేసే బేమార్డ్ ఇన్‌స్టిట్యూట్ రకరకాల అధ్యయనాల సగటు తీస్తే, ఆన్‌లైన్ కార్ట్‌లలో దాదాపు 70 శాతం కొనకుండానే ఆగిపోతాయట. కొందరు ఊరికే చూడ్డానికి వస్తారు, వాళ్లని వదిలేయొచ్చు. మిగతావాళ్లు చెప్పే కారణాల్లో మొదటిది చివర్లో కలిసే అదనపు ఖర్చు. మా సైట్లో డెలివరీ ఛార్జీ చెల్లింపు పేజీలో గానీ కనిపించేది కాదు. ఇప్పుడు ధర పక్కనే ఉంటుంది. అకౌంట్ తెరవకపోయినా కొనొచ్చు. ఇవి మార్కెటింగ్ అని ఎవరూ అనరు, కానీ నన్నడిగితే కొత్తవాళ్లని రప్పించడానికి పెట్టే ఖర్చంతా ఈ పేజీ మీదే ఆధారపడి ఉంది.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్స్ వద్దని అక్క అనలేదు. లైక్‌ల కోసమని యాడ్ పెడితే, లైక్ కొట్టే అలవాటున్నవాళ్లనే వెతికి వాళ్ల యాడ్ సిస్టమ్ దాన్ని చూపిస్తుందట. కొనేవాళ్లు కావాలంటే సేల్స్ అనే లక్ష్యమే ఎంచుకోవాలి. ఇంకోటి, ఎవరికి చూపించాలో ఆ సిస్టమ్ నేర్చుకుని యాడ్ కుదురుకోవాలంటే వారంలో సుమారు 50 ఫలితాలు (మనం కోరుకున్నవి, అంటే ఆర్డర్ల లాంటివి) రావాలని ఆ రెండింటినీ నడిపే మెటా కంపెనీ చెబుతోంది. మధ్యలో పెద్ద మార్పు చేస్తే ఆ నేర్చుకోవడం మళ్లీ మొదటికొస్తుంది. చిన్న బడ్జెట్‌ని అయిదారు యాడ్లకి పంచి రోజూ కెలకడం కన్నా, ఒక్కటి పెట్టి కదపకుండా ఉండటం మేలంది.

తర్వాతి థాంక్స్ మా స్నేహితురాలి తమ్ముడికి. ఈమెయిల్ పని చేయదని అందరూ అంటుంటే, మీ మెయిల్స్ అసలు ఇన్‌బాక్స్‌కి చేరుతున్నాయా అని అడిగినవాడు ఇతనొక్కడే. జీమెయిల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి నియమాలు బిగించాయి. మన సైట్ చిరునామాకి (డొమైన్‌కి) ఎస్‌పీఎఫ్, డీకిమ్ లాంటి, మెయిల్ నిజంగా మన దగ్గర్నుంచే వచ్చిందని చూపించే గుర్తింపు రికార్డులు సరిగ్గా లేకపోతే ఎంత మంచి ఉత్తరమైనా స్పామ్‌లో పడొచ్చు. ఒక సాయంత్రం కూర్చుని డీమార్క్‌తో (ఆ పరీక్షలో తప్పిన మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే రికార్డు) సహా అన్నీ పెట్టి వెళ్లాడు. ఎంతమంది తెరిచారన్న అంకెని నమ్మొద్దని కూడా చెప్పాడు. 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో తెచ్చిన గోప్యతా సదుపాయం వల్ల, మనిషి తెరవకపోయినా తెరిచినట్టే నమోదు కావచ్చు. ఇప్పుడు లింక్ నొక్కినవాళ్లనీ, తిరిగి రాసినవాళ్లనీ మాత్రమే లెక్కపెడుతున్నాం.

ఇక మా కొనుగోలుదారులు. "కొనేముందు ఏ విషయంలో సందేహించారు?" అని మెయిల్ పెడితే ఓపిగ్గా రాశారు. పుస్తకం ఎంత పెద్దదో ఫొటోలో తెలియట్లేదని ఎక్కువమంది అన్నారు, అందుకే ఇప్పుడు ప్రతి ఫొటోలో పక్కన పెన్ను ఉంటుంది. బైండింగ్ గట్టిగా ఉంది, పుస్తకం పూర్తిగా తెరుచుకోవట్లేదు అంటూ మూడు స్టార్లు ఇచ్చినాయనకి ప్రత్యేకంగా థాంక్స్. ఆ రివ్యూ కిందికి పోయేలా స్నేహితులతో అయిదు స్టార్లు వేయించమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. వేయించలేదు. ఆ మాట చదివి, తమకి గట్టి బైండింగే కావాలని కొన్నవాళ్లు ఉన్నారు మరి.

మా లింకులు వాట్సాప్‌లో పంపినవాళ్లకి కూడా. సైటుకి ఎవరు ఎక్కణ్నుంచి వచ్చారో చూపే లెక్కల్లో, మీ లింకు నొక్కి వచ్చినవాళ్లు చాలాసార్లు "డైరెక్ట్" అనే పద్దులో కలిసిపోతారు, ఎవరు పంపారో ఎప్పటికీ తెలియదు. యాడ్ లేకుండా వచ్చే ఆర్డర్లు ఊరికే వస్తాయనుకునేవాళ్లకి మీ సంగతే చెబుతుంటాను.

ఆర్డర్లు విపరీతంగా పెరిగిపోయాయని చెప్పను. కార్ట్ దగ్గర ఆగేవాళ్లు తగ్గారు, తీసిపెట్టిన డబ్బులో సగానికి పైగా అలాగే ఉంది. రీల్స్ విషయంలో మాత్రం అక్కకీ నాకూ ఇంకా కుదరలేదు. దండగంటుంది తను. పుస్తకం కుట్టే వీడియోలు చేయడం నాకు ఇష్టం, చేస్తూనే ఉంటాను. అక్కా, నీ పేరు పెట్టొద్దన్నావని పెట్టలేదు. మిగతావాళ్లు నంబరు అడక్కండి, ఇస్తే నాతో మాట్లాడటం మానేస్తుంది.