ఐసీ మార్చకు, ముందు సప్లై చూడు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం చదివాను. మామూలు పాటలకు నీ యాంప్లిఫయర్ బాగానే ఉంది, డోలు సన్నాయి కచేరీ పెట్టి సౌండ్ పెంచితే మాత్రం డోలు చప్పగా, సన్నాయి గరగరలాడుతూ వస్తోందన్నావు. అందుకని అందులో సౌండ్ పెంచే చిప్, ఆ ఎల్‌ఎమ్3886 ఐసీ, తీసేస్తానంటున్నావు. వద్దురా! ప్లస్, మైనస్ 28 వోల్టులు సరిగ్గా అందితే 4 ఓమ్‌ల స్పీకర్‌కి 68 వాట్ల దాకా ఇచ్చే ఐసీ అది. ఆ వాట్లు సప్లై నుంచే, అంటే ట్రాన్స్‌ఫార్మర్, రెక్టిఫయర్, కెపాసిటర్లు కలిసిన భాగం నుంచే రావాలి కదా.

మన 50 హెర్ట్జ్ కరెంటుతో, ఏసీని డీసీ చేసే బ్రిడ్జ్ రెక్టిఫయర్, కరెంటు నిల్వ ఉంచే కెపాసిటర్లని 10 మిల్లీసెకన్లకోసారి నింపుతుంది. ఆ మధ్యలో భారమంతా కెపాసిటర్లదే. డోలు మీద గట్టి దెబ్బ పడితే నీ 4 ఓమ్‌ల స్పీకర్‌కి 24 వోల్టులు కావాలనుకో, అంటే 6 ఆంపియర్లు. నువ్వు పెట్టింది ఒక్కో వైపు 4,700 మైక్రోఫారడ్లు. 10 మిల్లీసెకన్లూ అదే కరెంటు లాగితే దాదాపు 13 వోల్టులు పోతాయి, మిగిలేది 15. నిజం దెబ్బ అంతసేపు అదే బలంతో ఉండదులే, కానీ ఐసీ కూడా తనకంటూ కొన్ని వోల్టులు ఉంచుకుంటుంది. అందులో సగం పడిపోయినా దెబ్బ పైభాగం తెగిపోతుంది.

నాకు ఎక్కువ బాధనిపించేది సన్నాయి సంగతి. అది నిలిపి ఊదే స్వరం. డోలు దెబ్బకి సప్లై కుంగిన క్షణంలో ఆ స్వరమూ తెగుతుంది. తెగినచోట సప్లైలోని 100 హెర్ట్జ్ రిపుల్, అంటే కెపాసిటర్లు నిండుతూ తరుగుతూ ఉంటే వోల్టేజీలో వచ్చే ఊగిసలాట, నేరుగా స్పీకర్‌లోకి దిగుతుంది. నువ్వు విన్న గరగర అదేనని నా నమ్మకం. ఒక గొంతు, ఒక వీణ ఉన్న పాట ఇంత కరెంటు అడగదు, అందుకే అక్కడ లోపం బయటపడలేదు.

నీ ట్రాన్స్‌ఫార్మర్ 20-0-20 (మధ్య తీగకి రెండు వైపులా 20 వోల్టులు), 2 ఆంపియర్లు, అంటే 80 వీఏ (వోల్ట్-ఆంపియర్లు). రెండు చానెళ్లకి అది చాలదు. 200 వీఏ టొరాయిడల్, అంటే రింగు ఆకారపు ట్రాన్స్‌ఫార్మర్, తెచ్చుకో. కెపాసిటర్లు ఒక్కో వైపు 10,000 మైక్రోఫారడ్లు, 50 వోల్టులవి. బ్రిడ్జ్ 25 ఆంపియర్లది. కెపాసిటర్లు ఇంకా ఇంకా పెంచుకుంటూ పోకు. అవి నిండేటప్పుడు లాగే కరెంటు మరీ పెద్దదవుతుంది, అది ఇన్‌పుట్ గ్రౌండ్ తీగలోంచి వెళ్లిందంటే హమ్, అంటే బుయ్‌మనే మోత, పట్టుకుంటుంది. కెపాసిటర్ల గ్రౌండ్‌కీ, ఇన్‌పుట్ గ్రౌండ్‌కీ వేర్వేరు తీగలు వేసి ఒక్కచోటే కలుపు.

విప్పే ముందు ప్లగ్ తీసి, కెపాసిటర్లని రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటర్‌తో చూశాకే చెయ్యి పెట్టు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ బిగించాక అదే కచేరీ, అదే వాల్యూమ్‌లో విని రాయి. సన్నాయి ఎలా పలికిందో ముందు రాయి, మిగతా కబుర్లు తర్వాత.

నీ
మురళి