'పూర్తి సెట్' అని నేను రాసిన మాట గురించి

మా అంగడి మీద నమ్మకంతో ముందుగా సొమ్ము కట్టిన నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు శ్రోతలందరికీ నమస్కారం.

2025 జులై 22న గాయకుడు ఆజీ ఆస్బర్న్ కన్నుమూసిన తరవాత, ఆయన పాడిన ఇంగ్లండు రాక్ బృందం బ్లాక్ సబ్బాత్ రికార్డులు ఉన్నాయా అని అడుగుతూ ట్రంకురోడ్డు పక్క సందులోని మా అంగడికి వచ్చేవారు ఒక్కసారిగా పెరిగారు. ఆ ఊపులో నేను దసరాకు ముందు ఒక ప్రకటన రాసి గోడకు అంటించాను, మీ ఫోన్లకు కూడా పంపాను. 'బ్లాక్ సబ్బాత్ 19 స్టూడియో ఆల్బములు, పూర్తి సెట్, అన్నీ ఎల్పీలే, సగం సొమ్ము ముందుగా, సంక్రాంతికి చేతికి' అన్నది అందులోని మాట. ఎల్పీ అంటే టర్న్‌టేబుల్ మీద తిప్పి వినే పెద్ద రికార్డు. ఇరవై ఇద్దరు సొమ్ము కట్టారు. సంక్రాంతి వెళ్లిపోయింది, సెట్లు మీ చేతికి రాలేదు. ఎందుకు రాలేదో, ఇప్పుడు ఏది ఇవ్వగలనో, ఏది ఇవ్వలేనో ఉన్నదున్నట్టుగా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

19 అన్న లెక్క సరైనదే. ఆజీ పాడినవి 9, రానీ జేమ్స్ డియో పాడినవి 3, ఇయన్ గిలన్ ఒకటి, గ్లెన్ హ్యూస్ ఒకటి, టోనీ మార్టిన్ 5. పొరపాటు 'అన్నీ ఎల్పీలే' అన్న మాటలో ఉంది. నేను ఎల్పీలుగా తెప్పించగలిగినవి 15 మాత్రమే. 'బోర్న్ అగైన్', 'సెవెంత్ స్టార్', 'ది ఎటర్నల్ ఐడల్', 'డీహ్యూమనైజర్' అనే నాలుగూ ఇరవై రెండు సెట్లకు సరిపడా ఎల్పీలుగా నాకు దొరకలేదు. వాటిని సీడీలుగా మాత్రమే ఇవ్వగలను. సరుకు చేతిలో లేకుండా, దొరుకుతుందో లేదో కనుక్కోకుండా మాట ఇచ్చాను. తప్పు నాది.

సరఫరాదారు మీద నెపం వేసి ఊరుకోవచ్చు గాని, ఈ లోటుకు అసలు కారణం అంతకన్నా పాతది. మా నాన్నగారి కాలంలో మాది రికార్డింగు సెంటరు. జనం కాగితం మీద పాటల జాబితా రాసుకొచ్చి ఖాళీ క్యాసెట్ల మీద ఎక్కించుకొని వెళ్లేవారు. అంగడి నా చేతికి వచ్చాక ఇంగ్లిషు రాక్ సంగీతం కూడా పెట్టాను. అప్పటినుంచి మొన్నమొన్నటి దాకా, బ్లాక్ సబ్బాత్ అడిగినవారికి నేను చెప్పింది ఒక్కటే మాట: 1970 నుంచి 1978 వరకు వచ్చిన మొదటి ఎనిమిదీ కొనండి, ఆ తరవాతవి వదిలేయండి. అమ్ముడుపోని తరవాతి క్యాసెట్లను, సీడీలను నేనే వెనక్కి పంపేశాను. పోయిన నెలలో ఇంజనీరింగు చదువుతున్న ఒక అబ్బాయి రసీదు పట్టుకొని వచ్చి, "అన్నా, ఎనిమిదో రికార్డుతో వాళ్ల కథ అయిపోయిందని మీరే కదా చెప్పింది? మరి ఇప్పుడు 19కి డబ్బులెందుకు తీసుకున్నారు?" అని అడిగాడు. ఆ అబ్బాయికి ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాను.

ఆ మొదటి ఎనిమిదింటి మీద నాకున్న ప్రేమ ఊరికే పుట్టింది కాదు. బర్మింగ్‌హామ్‌లో 17 ఏళ్ల టోనీ అయోమీ, తరవాత ఈ బృందానికి గిటారు వాయించినవాడు, రేకులు కోసే ఫ్యాక్టరీలో తన ఆఖరి రోజు పని చేస్తుండగా యంత్రం కింద పడి కుడిచేతి మధ్య వేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం కాబట్టి గిటారు తీగలను అదిమి పట్టవలసింది ఆ కుడిచెయ్యే. ఇక వాయించలేననుకొని కూర్చున్న కుర్రవాడికి ఆ ఫ్యాక్టరీలోని పైఅధికారి ఒక రికార్డు తెచ్చి వినిపించాడు. అగ్నిప్రమాదంలో చెయ్యి కాలి, ఎడమచేతి రెండు వేళ్లతోనే స్వరాలు పలికించిన గిటారు విద్వాంసుడు జాంగో రైన్‌హార్ట్ రికార్డు అది. అయోమీ ప్లాస్టిక్ సీసాను కరిగించి వేలి తొడుగులు చేసుకొని, వాటికి తోలు అతికించుకొని, సన్నటి తీగలు బిగించుకొని మళ్లీ వాయించడం మొదలుపెట్టాడు. రికార్డులు అమ్ముకొని బతికే మనిషిగా ఈ సంగతి నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా కొత్తగానే ఉంటుంది.

మూడో ఆల్బము 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' 1971లో వచ్చింది. అందులో కొన్ని పాటలకు అయోమీ గిటారు శ్రుతిని మూడు మెట్లు దించాడు. తీగ వదులైతే గాయపడిన వేళ్లకు శ్రమ తగ్గుతుంది, నాదం బరువెక్కుతుంది. ఈ రికార్డును మా అంగడిలో వేసినప్పుడు, బిట్రగుంట లోకోషెడ్డులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నారు. ఆయన కొనేది ఎప్పుడూ మన నెల్లూరు బాలు పాటలే. అయోమీ వేళ్ల సంగతి చెప్పగానే తన చేతిని ఎత్తి చూసుకొని, "మిషన్లో వేలు పోయినవాళ్లను చాలామందిని చూశాను అబ్బయా, ఆ నొప్పి చలికాలం వస్తే మళ్లీ లేస్తుంది" అన్నారు. రెండు పక్కలూ అయ్యేదాకా లేవలేదు. వెళ్తూ వెళ్తూ ఇంకోసారి వేయమన్నారు.

మొదటి ఆల్బము సంగతి కూడా మీకు స్పష్టంగా చెప్పాలి. 1969 అక్టోబరులో దాదాపు ఒక్క రోజులోనే రికార్డు చేసి, 1970 ఫిబ్రవరి 13వ తేదీ శుక్రవారం నాడు విడుదల చేసిన ఆల్బము అది. అందులోని మొదటి పాటలో వాన, ఉరుము, దూరంగా ఒక గంట వినిపించాక గిటారు వస్తుంది. కర్ణాటక సంగీతం తెలిసినవారు గమనిస్తే అందులో ఉన్నవి షడ్జం, పై షడ్జం, ప్రతిమధ్యమం, అంతే. కల్యాణిలో అంత హాయిగా వినిపించే ప్రతిమధ్యమాన్ని చుట్టూ వేరే స్వరమేదీ లేకుండా, నెమ్మదిగా, ఒంటరిగా నిలబెడితే ఎంత భయం పుట్టించగలదో ఆ ఒక్క పాట చూపిస్తుంది. ఈ ఆల్బము ఇంగ్లండులో ఒక రకంగా, అమెరికాలో ఒక రకంగా విడుదలైంది. ఇంగ్లండు ముద్రణలో 'ఈవిల్ వుమన్' ఉంటుంది, అమెరికా ముద్రణలో దాని స్థానంలో 'వికెడ్ వరల్డ్' ఉంటుంది. నా దగ్గరకు వచ్చినవి ఇంగ్లండు వరుసలో ఉన్నాయి. 'వికెడ్ వరల్డ్' కోసమే అడిగినవారు దయచేసి ఈ సంగతి గమనించండి, అది మీ సెట్లో ఉండదు.

'పారనాయిడ్' గురించి ఇద్దరు ఫోను చేసి, అట్ట మీద కత్తి పట్టుకున్న మనిషికీ పేరుకూ పొంతన లేదని, నకిలీ సరుకేమోనని అనుమానపడ్డారు. నకిలీ కాదు. ఆ ఆల్బముకు మొదట అనుకొన్న పేరు 'వార్ పిగ్స్', బొమ్మ దానికోసం తీసిందే. ఆల్బములో కొంత నిడివి తక్కువపడితే చివర్లో హడావుడిగా కట్టిన పాట 'పారనాయిడ్'. చివరికి ఆ పాట పేరే ఆల్బముకు పెట్టారు, బొమ్మ మాత్రం పాతదే ఉండిపోయింది. 'వాల్యూమ్ 4', 'సబ్బాత్ బ్లడీ సబ్బాత్', 'సాబటాజ్' ఎల్పీలు చక్కగా ఉన్నాయి, వాటి గురించి మీరు ఏమీ ఆలోచించనక్కరలేదు. 'టెక్నికల్ ఎక్స్‌టసీ', 'నెవర్ సే డై' కూడా అంతే.

1979లో ఆజీని బృందం నుంచి తీసేశాక, 1980లో డియో గొంతుతో 'హెవెన్ అండ్ హెల్' వచ్చింది. దీన్ని నేను ఇన్నేళ్లు ఎందుకు పక్కన పెట్టానో ఇప్పుడు ఆలోచిస్తే బాధగా ఉంది. ఆజీ గొంతు గిటారు వరుస వెంబడే నడిచేది. డియో గొంతు గిటారుకు ఎదురు నిలిచి తన దారి తాను తీసుకొనేది. దానితో పాటలు కట్టే తీరే మారిపోయింది. 1981 నాటి 'మాబ్ రూల్స్' కూడా ఆ వరుసలోదే. ఈ రెండూ ఎల్పీలుగా మీకు వస్తాయి.

గిలన్ పాడిన 'బోర్న్ అగైన్' 1983లోది. దాని ధ్వని బురదనీటిలా మసకగా ఉంటుందని చాలామంది అంటారు, నిజమే. సీడీ వినేటప్పుడు యంత్రం చెడిపోయిందనుకొని నా దగ్గరకు తీసుకురావద్దని ముందే చెబుతున్నాను. 1986 నాటి 'సెవెంత్ స్టార్' అయోమీ తన సొంత పేరు మీద విడుదల చేయాలనుకొన్నది. కంపెనీ ఒత్తిడి వల్ల బ్లాక్ సబ్బాత్ పేరు తగిలించి, పక్కన అయోమీ పేరు కూడా వేశారు.

నేను ఎక్కువ అన్యాయం చేసింది టోనీ మార్టిన్ పాడిన ఐదింటికి. 1987 నాటి 'ది ఎటర్నల్ ఐడల్' మొదట రే గిలెన్ అనే వేరే గాయకుడి గొంతుతో రికార్డయింది. ఆయన మధ్యలో వెళ్లిపోతే, మార్టిన్ వచ్చి ఆ పాటలన్నీ మళ్లీ పాడాడు. మరొకరి కోసం కట్టిన పాటల్లోకి అడుగుపెట్టి అంత నిబ్బరంగా పాడిన మనిషిని, ఆజీ కాడన్న ఒక్క కారణంతో నేను వినకుండా ఉండిపోయాను. 1989లో కోజీ పావెల్ డ్రమ్ములతో 'హెడ్‌లెస్ క్రాస్' వచ్చింది. అందులో ఒక పాటకు క్వీన్ బృందంలోని బ్రయన్ మే గిటారు వాయించాడు. ఆ పావెల్ దెబ్బలు మొదలైతే అంగడిలోని అద్దాల బీరువా తలుపులు సన్నగా వణుకుతాయి. 1990లో 'టిర్', 1994లో 'క్రాస్ పర్పసెస్', 1995లో 'ఫర్బిడెన్' వచ్చాయి. 'హెడ్‌లెస్ క్రాస్'తో మొదలయ్యే ఈ నాలుగూ ఏళ్ల తరబడి మార్కెట్లో దొరకకుండా పోయాయి. 2024 మే 31న 'యానో డామినై 1989–1995' అనే ఒకే పెట్టెలో నాలుగింటినీ మళ్లీ విడుదల చేశారు. 'ది ఎటర్నల్ ఐడల్' ఆ పెట్టెలో లేదు. ఐదూ ఉంటాయనుకొని నేను లెక్క వేసుకోవడం నా రెండో పొరపాటు.

ఆ పెట్టె గురించి ఇంకో మాట. అందులోని 'ఫర్బిడెన్' 1995లో విన్నది కాదు. ఆనాటి ధ్వని నచ్చక అయోమీ పాత రికార్డింగులనే తీసుకొని కొత్తగా మిక్స్ చేశాడు. నా దగ్గరున్న 1995 నాటి సీడీతో పక్కపక్కన పెట్టి విన్నాను. గిటారు ముందుకు వచ్చింది, డ్రమ్ములు విడివిడిగా వినిపిస్తున్నాయి. నాకు కొత్తదే నచ్చింది. అయినా పాత ధ్వనే కావాలనుకొనేవారికి ఇది పాతది కాదని చెప్పకుండా అమ్మడం న్యాయం కాదు. ఇదే పెట్టె సీడీల రూపంలో తీసుకుంటే అదనంగా మూడు పాటలు వస్తాయి, ఎల్పీల్లో అవి ఉండవు. సీడీ పెట్టెకు మారాలనుకొనేవారు చెబితే మారుస్తాను.

అన్నిటికన్నా నాకు కష్టం కలిగించిన సంగతి ఇది. ఈ పెట్టెలు కొన్ని 2024లోనే తెప్పించి పై అంతస్తులోని రేకుల గదిలో పెట్టాను. ఎల్పీలను నిలువుగా నిలబెట్టాలని మీకందరికీ చెప్పే నేనే, చోటు చాలదని వాటిని ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టాను. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు. 2025 వేసవిలో మన ఊరి ఎండకు ఆ రేకుల కింద రికార్డులు ఏమవుతాయో నాకు తెలిసి ఉండాలి. మొన్న పెట్టెలు విప్పి ఒక్కొక్కటీ టర్న్‌టేబుల్ మీద వేసి చూశాను. అడుగునున్న మూడు పెట్టెల్లో 'టిర్' అంచు పైకి లేచింది. ముల్లు అలల మీద పడవలా లేస్తూ దిగుతూ పోతుంటే మార్టిన్ గొంతు శ్రుతి జారి మళ్లీ ఎక్కుతోంది. గాజు పలకల మధ్య బిగించి సరిచేయవచ్చని ఒకరు సలహా ఇచ్చారు గాని, అలా సరిచేసిన సరుకును కొత్తదని మీకు అమ్మను. ఆ మూడు పెట్టెలూ పక్కన పెట్టేశాను, బదులు కొత్తవి అడిగాను. మిగిలిన పెట్టెలు నిలువుగా కింద గదిలోకి చేరాయి.

2013లో వచ్చిన '13' గురించి చెప్పి ముగిస్తాను. రిక్ రూబిన్ నిర్మాణంలో ఆజీ, అయోమీ, గీజర్ బట్లర్ మళ్లీ కలిసి చేసిన ఈ ఆల్బములో వాళ్ల మొదటి డ్రమ్మరు బిల్ వార్డ్ లేడు, డ్రమ్ములు బ్రాడ్ విల్క్ వాయించాడు. ఇంగ్లండులో 1970 నాటి 'పారనాయిడ్' తరవాత వాళ్లకు మొదటి స్థానం దక్కింది దీనికే. చివరి పాట అయ్యాక వాన, ఉరుము, గంట మళ్లీ వినిపిస్తాయి. మొదటి ఆల్బమునూ దీన్నీ ఒకే సాయంత్రం వినమని నా మనవి, నడుమ ఉన్న పదిహేడింటినీ వదలకుండా.

సొమ్ము సంగతి. ఎల్పీలకు బదులు సీడీలుగా ఇచ్చే నాలుగింటికి ఎల్పీ ధర వసూలు చేయను, సీడీ ధరే తీసుకొని తేడా మీరు ఇంకా కట్టవలసిన దానిలో తగ్గిస్తాను. మొత్తం వద్దనుకొనేవారికి కట్టినదంతా తిరిగి ఇచ్చేస్తాను, కారణం చెప్పనక్కరలేదు. పదిహేను ఎల్పీలు చాలుననుకొంటే వాటిని ఈ నెలాఖరులోగా అందజేస్తాను, 'టిర్' పెట్టె కోసం ఆగవలసిన ముగ్గురికి మాత్రం నేనే ఫోను చేసి చెబుతాను. ఒంగోలు, కందుకూరు వారికి పార్సిలు ఖర్చు నాదే. ప్రతి ఆదివారం ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా అంగడిలో టోనీ మార్టిన్ రికార్డులు వేస్తాను, కొనకపోయినా వచ్చి విని నిర్ణయించుకోండి. రసీదు పోయినా ఇబ్బంది లేదు, మీ పేరు, కట్టిన తేదీ, మొత్తం నా పుస్తకంలో రాసి ఉన్నాయి.