ఏదీ వదులుకోకపోతే అది వ్యూహం ఎలా అవుద్ది?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ గేమ్స్ పేజీలో టీమ్ మేనేజ్‌మెంట్ ఆటల (మనమే మేనేజరై జట్టుని నడిపే వీడియో గేమ్స్) గురించి ఎప్పుడు రాసినా గ్రాఫిక్స్, ప్లేయర్లు, లైసెన్సులు ఇంతే ఉంటాయండీ, అసలు అందులో మన నిర్ణయానికి విలువుందా లేదా అన్నది ఒక్క ముక్క ఉండదు. ఎక్కువ రేటింగ్ ఉన్న పదకొండు మందిని దింపితే ప్రతిసారీ గెలిచేస్తుంటే ఇంక మేనేజర్ చేసేదేముంది?

1997లో మొదలైన హ్యాట్రిక్ అనే బ్రౌజర్ ఫుట్‌బాల్ గేమ్ చూడండి, దాదాపు అన్నీ అంకెలూ అక్షరాలే. అందులో కౌంటర్ అటాక్ (అవతలోళ్ల దాడిని ఆపి వెంటనే ఎదురుదాడికి దిగడం) ఎంచుకుంటే మన మిడ్‌ఫీల్డ్ బలం, అంటే మైదానం మధ్యలో బంతిని మన దగ్గర ఉంచుకునే బలం, కొంచెం తగ్గుద్ది, పైగా మిడ్‌ఫీల్డ్‌లో అవతలోళ్లది పైచేయి అయితేనే ఆ ఎత్తు పనిచేస్తుంది. అంటే బంతి వాళ్లకి వదిలేసి గట్టి డిఫెన్స్‌తో కాచుక్కూర్చోవాలి, వాళ్లూ అదే పని చేసి బంతి మనకే వదిలేశారా, ప్లాన్ మొత్తం గోవిందా. ఎదుటోడు ఏం చేస్తాడో ఊహించి మనం ఒకటి వదులుకోవడం, నా దృష్టిలో వ్యూహమంటే ఇదే. ట్రైనింగ్ కూడా అంతే, వారానికి ఒక్క రకమే ఎంచుకోవాలి, స్కోరింగ్ పెడితే గోల్‌కీపర్ ఎక్కడున్నోడు అక్కడే.

ఇంకోటి, ఓడాక ఎందుకు ఓడామో తెలియాలి. అదృష్టం కొంత ఉండాలి (లేకపోతే లీగ్ మొదలవకముందే ఫలితం తెలిసిపోద్ది) కానీ అంతా అదే అయిపోకూడదు. డబ్బులు పెడితే బలమైన ప్లేయర్లొచ్చే మొబైల్ గేమ్స్ చాలావాటిలో ఈ ఆలోచనే అక్కర్లేదు, పిల్లలు దాన్నే వ్యూహం అనుకుంటుంటే నిజంగా బాధేస్తుందండీ. ఈసారి రివ్యూల్లో ఏ నిర్ణయం తీసుకుంటే ఏం పోగొట్టుకుంటామో కూడా రాయించండి ప్లీజ్.

ఇట్లు,
మీ పాఠకుడు