సభ్యత్వ రుసుము కోతకు ఉద్యోగి సంతకం ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

నగరంలోని ఒక ప్రైవేటు పాఠశాలలో గణితం చెప్పే మా కోడలు పోయిన నెల తన పే స్లిప్ నా చేతికిచ్చి, భవిష్యనిధి, వృత్తిపన్ను వరుసల కింద ‘సభ్యత్వ రుసుము’ అని వంద రూపాయలు ఎందుకు కోశారో చెప్పమంది. ఏ సంఘమో, అందులో తానెప్పుడు చేరిందో ఆమెకు తెలియదు. ఆఫీసులో అడిగితే ‘అందరికీ కోస్తున్నాం మేడమ్’ అన్నారట. ప్రభుత్వ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడిగా ఏళ్ల తరబడి జీతాల బిల్లుల మీద సంతకాలు చేసినవాణ్ని కనుక, కాగితం లేని కోత అంటే ఏమిటో నాకు తెలుసు.

వృత్తిపన్ను సంగతి వేరు. తెలంగాణలో నెల జీతం 15 వేలు దాటితే 150, 20 వేలు దాటితే 200 రూపాయలు కోయమని చట్టమే చెబుతుంది. అక్కడ ఉద్యోగి ఇష్టాయిష్టాలతో పనిలేదు. సంఘం చందా అలా కాదు. జీతంలోంచి యజమాని వేటిని మినహాయించవచ్చో ఒక్కొక్కటిగా చెప్పే 2019 నాటి వేతనాల కోడ్ 18వ సెక్షన్, కార్మిక సంఘం సభ్యత్వ రుసుము దగ్గరకు వచ్చేసరికి రెండు షరతులు పెట్టింది: ఆ సంఘం 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం కింద రిజిస్టరై ఉండాలి, ఉద్యోగి రాతపూర్వకంగా అనుమతి ఇచ్చి ఉండాలి. సొసైటీగా మాత్రమే రిజిస్టరైన వృత్తి సంఘానికి ఈ వెసులుబాటు వర్తిస్తుందని అనుకోవడానికి లేదు.

జీతం నుంచి చందా మినహాయించడమే తప్పని నేననను. కేంద్ర ప్రభుత్వోద్యోగుల సంఘాల గుర్తింపు కోసం 1993లో చేసిన నియమాలు సభ్యుల సంఖ్యను జీతపు బిల్లుల్లోని చందా మినహాయింపును బట్టే లెక్కించి, ఒక కేటగిరీ ఉద్యోగుల్లో కనీసం 35 శాతం మంది సభ్యులుగా ఉన్న సంఘాన్ని గుర్తించమంటాయి. దొంగ సభ్యత్వాలకు అది మంచి విరుగుడు. అయితే మా రోజుల్లో సంఘం నాయకులు రసీదు పుస్తకం పట్టుకుని ఇంటర్వెల్లో స్టాఫ్ రూముకు వచ్చినప్పుడు, ‘మా బదిలీల సంగతి ఏం చేశారు?’ అని నిలదీసి మరీ డబ్బులిచ్చేవాళ్లం. చందా తనంతట తానే వెళ్లిపోతుంటే ఆ మాత్రం అడిగే అవకాశమూ ఉండదు.

ప్రైవేటు బడుల్లో ఇంకో చిక్కు ఉంది. ఎవరు ఏ సంఘంలో ఉన్నారో తెలిపే జాబితా నేరుగా యాజమాన్యం చేతికి వెళుతుంది. కాంట్రాక్టు ఏటేటా పొడిగించుకోవలసిన టీచరుకు అది ఎంత ఇబ్బందో వేరే చెప్పనక్కరలేదు. అక్కడ సభ్యులే తమ బ్యాంకు ఖాతా నుంచి నేరుగా సంఘానికి చెల్లించుకోవడం మేలని నా అభిప్రాయం.

కార్మిక శాఖ, విద్యాశాఖ అధికారులు పాఠశాలల్లో ఇలాంటి కోతలకు ఆధారమైన సమ్మతి పత్రాలను తనిఖీ చేయాలనీ, అవి లేనిచోట కోసిన సొమ్మును తిరిగి ఇప్పించాలనీ కోరుతున్నాను. పే స్లిప్‌లో సంఘం పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఉద్యోగి వద్దని ఒక్క ఉత్తరం రాస్తే, కారణం అడగకుండా మరుసటి నెల బిల్లు నుంచే కోత ఆగాలి.

తాను సంతకం చేసిన సమ్మతి పత్రం నకలు ఇమ్మని మా కోడలు రాతపూర్వకంగా అడిగి పదిహేను రోజులైంది. జవాబు రాలేదు గానీ, ఈ నెల జీతంలోనూ వంద రూపాయలు కోశారు.

– ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, మలక్‌పేట, హైదరాబాద్