మా ఇల్లు నిలబెట్టిన కౌన్సిలర్ గారికి, మా వీధివాళ్లకు కృతజ్ఞతలు

డబ్లిన్‌లోనూ చుట్టుపక్కలా ఉంటున్న తెలుగువాళ్లందరికీ నమస్కారం.

మేముంటున్న ఇల్లు మా చేతుల్లోంచి పోకుండా కాపాడిన మా ఏరియా కౌన్సిలర్ గారికి నలుగురిలో థ్యాంక్స్ చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. పేరు రాయనా అని అడిగాను. "వద్దమ్మా, ఓట్ల కోసం చేసినట్టు ఉంటుంది" అన్నారు. ఆవిడ మాట కాదనలేక పేరు వదిలేస్తున్నాను. ఆవిడ చేసింది మాత్రం వివరంగా రాస్తాను.

మేముండేది నార్త్ ఇన్నర్ సిటీలో, మౌంట్‌జాయ్ స్క్వేర్‌కీ సమ్మర్‌హిల్‌కీ మధ్య. జార్జియన్ కాలం నాటి పాత భవనాన్ని గదులుగా చీల్చి ఫ్లాట్లు చేశారు, అందులో పై అంతస్తు మాది. నేను నర్సుని, మావారు రెస్టారెంట్‌లో షెఫ్. నా డ్యూటీకి నడిచి వెళ్లిపోవచ్చు, బాబు స్కూలు రెండు వీధుల అవతలే. అద్దె ఎక్కువైనా అందుకే ఇక్కడ ఉంటున్నాం.

గత చలికాలంలో బాబు గదిలో చెమ్మ మొదలైంది. మొదట వాసనే. ఒకరోజు బీరువా పక్కకు జరిపి చూస్తే వెనక గోడ కింది నుంచి నా భుజం ఎత్తు దాకా నల్లటి బూజు. బీరువాలో మడతపెట్టి ఉంచిన వాడి స్కూలు స్వెటర్లు కూడా తడితడిగా చేతికి తగిలాయి. బ్లీచ్ వేసి తుడిస్తే వారం తిరిగేలోపు మళ్లీ వచ్చేది. రాత్రిళ్లు వాడికి ఒకటే దగ్గు. ఇల్లు చూసే ఏజెంట్‌కి ఫొటోలు పంపాం, మెసేజ్‌లు పెట్టాం, ఫోన్లు చేశాం. చివరికి మావారు కాస్త గట్టిగా అడిగేసరికి, ఒక రాత్రి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: ఓనర్ ఇల్లు అమ్ముతున్నారు, 28 రోజుల్లో ఖాళీ చేయండి.

డబ్లిన్‌లో అద్దె ఇల్లు వెతికిన ఎవరికైనా ఆ మెసేజ్ చూస్తే ఎంత టెన్షన్ వస్తుందో నేను చెప్పక్కర్లేదు. ఒక్క ఫ్లాట్ చూడ్డానికి వీధి మలుపు దాకా క్యూ. బాబు స్కూలు, నా నైట్ డ్యూటీలు, వీసా కాగితాల మీద ఉన్న అడ్రస్, అన్నీ ఆ ఇంటికే ముడిపడి ఉన్నాయి.

మమ్మల్ని కౌన్సిలర్ దగ్గరికి తీసుకెళ్లింది కింది ఫ్లాట్‌లో ఉండే పెద్దావిడ. పుట్టి పెరిగిందంతా ఈ వీధుల్లోనే. మర్నాడు మెట్ల మీద నా మొహం చూసి ఏమైందని అడిగింది, విని, "శనివారం కౌన్సిలర్ దగ్గరికి నాతో రండి" అంది. మావారు వెనకాడారు. మనకి ఐరిష్ పాస్‌పోర్ట్ లేదు, ఆ కౌన్సిలర్‌తో పరిచయం లేదు, చెప్పేవాళ్లెవరూ లేకుండా ఒక రాజకీయ నాయకురాలి ముందుకెళ్లి ఏమని అడుగుతాం అని. ఊళ్లో అయితే తెలిసినవాళ్ల చేత ఒక మాట చెప్పించుకుని వెళ్తాం కదా. పెద్దావిడ ఆ మాటలేవీ వినిపించుకోలేదు.

ఇక్కడ ప్రజాప్రతినిధులు వారానికోసారో నెలకోసారో కూర్చుని జనాన్ని కలవడాన్ని క్లినిక్ అంటారు. ఆ శనివారం మేం వెళ్లింది కమ్యూనిటీ సెంటర్‌లోని ఓ చిన్న గదికి. గోడవారగా ప్లాస్టిక్ కుర్చీలు, మూల కెటిల్, పక్కన బిస్కెట్ల డబ్బా. టోకెన్లు లేవు, పీఏ లేడు, ముందొచ్చినవాళ్లు ముందు. మాకంటే ముందు ఒక తాత మెడికల్ కార్డు కాగితాలు పట్టుకుని కూర్చున్నారు. సిటీ కౌన్సిల్ అద్దెకిచ్చిన ఫ్లాట్‌లో లిఫ్ట్ పనిచేయడం లేదని పసిపిల్లతో ఒకమ్మాయి వచ్చింది.

మా వంతు వచ్చాక కౌన్సిలర్ గారు ముందు బాబు దగ్గు గురించి అడిగారు, ఎన్నాళ్లుగా ఉంది, డాక్టర్‌కి చూపించారా అని. తర్వాత మావారి ఫోన్ తీసుకుని ఆ మెసేజ్‌ని రెండుసార్లు చదివారు, రెండోసారి పైకి చదివారు. ఫోన్ బల్ల మీద పెట్టి, "ఇది నోటీసే కాదు. మీరు ఎక్కడికీ వెళ్లక్కర్లేదు" అన్నారు. మావారు పక్కకి తిరిగి కళ్లు తుడుచుకున్నారు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

ఆవిడ ఒక్కొక్కటీ విడమరిచి చెప్పిన విషయాలు మన వాళ్లందరికీ పనికొస్తాయని రాస్తున్నాను. ఐర్లాండ్‌లో ఖాళీ చేయమనే నోటీసు మెసేజ్‌లోనో ఈమెయిల్‌లోనో పంపితే చెల్లదు. కాగితం మీద ఉండాలి, సంతకం ఉండాలి, చేతికివ్వాలి లేదా పోస్టులో పంపాలి. అదే రోజు దాని కాపీ ఆర్‌టీబీకి, అంటే అద్దె తగాదాలు చూసే రెసిడెన్షియల్ టెనెన్సీస్ బోర్డుకి వెళ్లాలి. ఇల్లు అమ్మడమే కారణమైతే ఓనర్ ప్రమాణపత్రం కూడా జతచేయాలి. గడువు ఎన్నాళ్ల నుంచి ఉంటున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది: మాలాగా ఏడాది దాటి ఏడేళ్ల లోపు ఉన్నవాళ్లకి 180 రోజులు. 28 రోజులెక్కడ, 180 రోజులెక్కడ! చెమ్మ సంగతి వేరే చట్టం కింద వస్తుంది. అద్దెకిచ్చే ఇంటికి ఉండాల్సిన కనీస ప్రమాణాలు 2019 నిబంధనల్లో ఉన్నాయి, అవి అమలవుతున్నాయో లేదో తనిఖీ చేయాల్సింది సిటీ కౌన్సిలే.

చెప్పి పంపేయలేదు. అట్టబైండు డైరీలో మా అడ్రస్ రాసుకుని, పక్కన మళ్లీ ఎప్పుడు కనుక్కోవాలో తేదీ వేసుకున్నారు. అక్కడి నుంచే థ్రెషోల్డ్‌కి ఫోన్ కలిపి నా చేతికిచ్చారు. అద్దెకుండేవాళ్లకి ఉచితంగా సలహా ఇచ్చే సంస్థ అది, 1978 నుంచీ ఉంది. నాకు ఐరిష్ యాసలో గబగబా మాట్లాడితే కొన్ని మాటలు అందవని గమనించి, వాళ్లు చెప్పిందంతా మళ్లీ నిదానంగా కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితం ఇంకా మా ఫ్రిజ్ మీద అంటించి ఉంది.

తర్వాతి వారం ఆవిడే మా మెట్లన్నీ ఎక్కి వచ్చారు. బీరువా జరపమని, గోడ మీద బొటనవేలు పెట్టి నొక్కి చూశారు. సున్నం పొడి పొడిగా ఆవిడ చేతికొచ్చింది. బాత్రూమ్‌లోకెళ్లి ఫ్యాన్ స్విచ్ వేశారు, అది తిరగలేదు. కౌన్సిల్ ఇన్‌స్పెక్టర్ వచ్చి తనిఖీ చేసేదాకా వెంటపడ్డారు. పైకప్పు దగ్గర గట్టర్ పూడిపోయి వాన నీళ్లు గోడలోకి దిగుతున్నాయని అప్పుడు తేలింది. ఇన్నాళ్లూ కిటికీలు తెరవరు, వంటలో ఆవిరి ఎక్కువ అని ఏజెంట్ మమ్మల్నే అన్నాడు!

గట్టర్ బాగైంది, గోడ గీకి మళ్లీ ప్లాస్టరింగ్ చేశారు, కొత్త ఫ్యాన్ పెట్టారు. ఆ మెసేజ్‌ని వెనక్కి తీసుకుంటున్నామని ఏజెంట్ రాసి పంపాడు. ఓనర్ నిజంగా అమ్మాలనుకుంటే అమ్ముకోవచ్చు, అది ఆయన హక్కు, కానీ పద్ధతిగా నోటీసిచ్చి, ఆరు నెలల టైమిచ్చి. మేం అదే ఇంట్లో ఉన్నాం. బాబు దగ్గు తగ్గింది.

ఒకటి ఇక్కడే చెప్పాలి. ఈ దేశంలో కౌన్సిలర్ చేతిలో అధికారం చాలా తక్కువ. పోలీసులు వాళ్ల కింద ఉండరు, స్కూళ్లు ఉండవు. ఆవిడ తలుచుకుంటే ఎవరికీ ఇల్లు రాసివ్వలేరు, ఆ మాట ఆవిడే ముందు చెప్పారు. ఆవిడ చేతిలో ఉన్నది ఎవరిని అడగాలో తెలియడం, అడిగి వదిలిపెట్టకపోవడం. మా పని ఆ రెండింటితోనే అయింది.

ఈ ఏరియాకి ఈ పద్ధతి కొత్త కాదని పెద్దావిడ టీ తాగుతూ చెప్పింది. టోనీ గ్రెగరీ పేరు ఎత్తితే చాలు, ఆవిడ లేచి కూర్చుంటుంది. ఆయన 1947లో పుట్టారు, పక్కనే ఉన్న బ్యాలీబాఖ్ మనిషి, స్కూలు టీచరు. చిన్నప్పుడు వాళ్లమ్మానాన్నలు ఇంటి కోసం డబ్లిన్ కార్పొరేషన్‌కి అప్లై చేస్తే, ఆరుగురు పిల్లలయ్యాక రండి అని తిప్పి పంపారట. 1979లో ఏ పార్టీ లేకుండా సిటీ కౌన్సిల్‌కి గెలిచారు. 1982 ఫిబ్రవరిలో ఐరిష్ పార్లమెంటు డాల్‌కి ఎన్నికయ్యారు. ఆ ఎన్నికల్లో ఎవరికీ మెజారిటీ రాలేదు. ప్రధాని కావాలనుకున్న చార్లెస్ హాహీ మద్దతు కోసం సమ్మర్‌హిల్‌లో గ్రెగరీ ఆఫీసుకి వచ్చారు. మేం రోజూ బాబుని స్కూలుకి తీసుకెళ్లే దారి అది.

గ్రెగరీ మంత్రి పదవి అడగలేదు. ఇన్నర్ సిటీకి ఉద్యోగాలు, డబ్లిన్‌లో కౌన్సిల్ ఇళ్లు, పోర్టు పక్కన 27 ఎకరాల స్థలం ప్రభుత్వం తీసుకోవడం, ఇలా అన్నీ కాగితం మీద పెట్టించి, సాక్షిగా కార్మిక సంఘం నాయకుడు మైఖేల్ ముల్లెన్ చేత సంతకం చేయించి, దాన్ని డాల్‌లో చదివి రికార్డుకెక్కించారు. గ్రెగరీ డీల్ అని ఇప్పటికీ అంటారు. ఒక్క ఓటు చేతిలో పెట్టుకుని ప్రభుత్వాన్ని బెదిరించాడని అప్పట్లో తిట్టినవాళ్లున్నారు. ఆ ఒక్క ఓటునీ తన వీధుల కోసం అంత బహిరంగంగా వాడిన మనిషి మీద నాకు గౌరవమే కలుగుతోంది. ఆ ఏడాది నవంబర్‌లోనే ప్రభుత్వం పడిపోయింది, అనుకున్నవి చాలా జరగలేదు. అయినా ఆయన మీద జనానికి నమ్మకం పోలేదు, 2009 జనవరిలో చనిపోయేదాకా ప్రతిసారీ ఆయన్నే గెలిపించారు. వీధుల్లో తోపుడుబళ్ల మీద అమ్ముకునే ఆడవాళ్ల పక్షాన నిలబడి 1986లో రెండు వారాలు మౌంట్‌జాయ్ జైల్లో ఉన్నారు. పెద్దావిడ పిన్ని మూర్ స్ట్రీట్‌లో పళ్లు అమ్మేదట, అందుకే ఆ సంగతి చెప్పేటప్పుడు గొంతు మారుతుంది.

ఆ రోజుల్లోనే ఈ వీధుల్లోకి హెరాయిన్ వచ్చింది. బకింగ్‌హామ్ స్ట్రీట్, షాన్ మెక్‌డర్మట్ స్ట్రీట్ కలిసే మూలన జ్వాల ఆకారంలో ఒక శిల్పం ఉంటుంది, చాలామంది చూసే ఉంటారు. మత్తుమందులకు బలైన ఇక్కడి పిల్లల జ్ఞాపకార్థం పెట్టింది. డీలర్ల ఆస్తులు జప్తు చేయాలని గ్రెగరీ ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. 1996లో ఆ పని చేసే క్రిమినల్ అసెట్స్ బ్యూరో వచ్చింది. ఇంత చూసినవాళ్లు మమ్మల్ని, నిన్నగాక మొన్న వచ్చినవాళ్లని, మా వీధివాళ్లు అనుకున్నారు.

2025 వేసవిలో డబ్లిన్ శివారు టల్లాలోనూ ఇంకా కొన్నిచోట్లా మన భారతీయుల మీద దాడులు జరిగాయి. ఆగస్టు 1న ఇండియన్ ఎంబసీ జాగ్రత్తలు చెబుతూ ప్రకటన ఇచ్చింది. ఫీనిక్స్ పార్క్‌లో జరగాల్సిన ఇండియా డే కూడా వాయిదా పడింది. నైట్ డ్యూటీకి వెళ్లాలంటే మా హాస్పిటల్ అమ్మాయిలందరికీ భయమే. నేను ఏమీ అడగకముందే కౌన్సిలర్ గారు ఫోన్ చేసి, మీరంతా ఏ దారిన నడుస్తారు, ఎక్కడ చీకటిగా ఉంటుంది అని అడిగారు. మా వెనక సందులో దీపాలు ఎప్పటి నుంచో వెలగవు. వాటిని బాగుచేయించారు. ఓ సాయంత్రం కమ్యూనిటీ గార్డాని, అంటే మా ఏరియా పోలీసుని, పిలిపించి మా అందరితో కూర్చోబెట్టారు. ఆ మీటింగ్‌కి మా వీధి ఐరిష్ ఆడవాళ్లు కూడా వచ్చి, రాత్రి ఒంటరిగా నడవాల్సి వస్తే మా తలుపు కొట్టండని చెప్పి వెళ్లారు. ఒకరిద్దరు నంబర్లు కూడా ఇచ్చారు.

ఆ రోజే మాకు తెలిసిన ఇంకో విషయం ఉంది. ఇక్కడ లోకల్ ఎన్నికల్లో ఓటుకి ఐరిష్ పౌరసత్వం అక్కర్లేదు. 18 ఏళ్లు నిండి, ఇక్కడ నివాసం ఉంటే చాలు, ఏ వీసా మీద ఉన్నా సరే. పార్లమెంటు ఎన్నికలకి మాత్రం ఐరిష్ లేదా బ్రిటిష్ పౌరసత్వం కావాలి. లోకల్ ఎన్నికలు ఐదేళ్లకోసారి, పోయినసారి 2024 జూన్ 7న జరిగాయి. మా నార్త్ ఇన్నర్ సిటీ నుంచి ఏడుగురు గెలుస్తారు. బ్యాలెట్ మీద నచ్చిన వరుసలో 1, 2, 3 అని అంకెలు వేయాలి. పీపీఎస్ నంబర్ (ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబర్), ఎయిర్‌కోడ్ (ఇంటి పోస్టల్ కోడ్) ఉంటే ఆన్‌లైన్‌లో కాసేపట్లో పేరు నమోదవుతుంది. మేమిద్దరం చేయించుకున్నాం, మీరూ చేయించుకోండి. ఎవరికి వేయాలో నేను చెప్పను. మా ఇంటికొచ్చి గోడ నొక్కి చూసిన ఆవిడ కూడా మాకు చెప్పలేదు.

కౌన్సిలర్ గారూ, మీకు తెలుగు రాకపోయినా ఇది బాబు చేత ఇంగ్లీషులో చదివించి వినిపిస్తాను. మా కుటుంబం తరఫున మీకు చేతులెత్తి నమస్కారం. క్లినిక్‌లో టీ పెట్టిచ్చి, మా కాగితాలు కాపీలు తీసిచ్చిన వాలంటీర్ అబ్బాయికి, థ్రెషోల్డ్‌లో ఓపిగ్గా మాట్లాడిన అమ్మాయికి, గోడ చూడగానే కారణం పట్టుకున్న ఇన్‌స్పెక్టర్ గారికి థ్యాంక్స్. కింది ఫ్లాట్ పెద్దావిడకి ఎన్ని చెప్పినా తక్కువే. ఆవిడకి మా పులిహోర బాగా నచ్చింది, కారం తగ్గించి ప్రతి ఆదివారం ఒక డబ్బా పంపిస్తున్నాం.

ఇలాంటి మెసేజ్ ఎవరికైనా వస్తే సామాన్లు సర్దుకోకండి. ముందు మీ ఏరియా కౌన్సిలర్ క్లినిక్ ఎప్పుడో కనుక్కుని వెళ్లండి. భాష ఇబ్బందయితే నాకు చెప్పండి, డ్యూటీ లేని శనివారం నేను తోడొస్తాను.