మా పేట గురించి మమ్మల్ని అడగండి

సంపాదకులకు,

2023 మేలో భోగాపురం విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగాక విజయనగరం చుట్టూ లేఅవుట్లు పెరిగాయి. స్థలాలు అమ్మే వెబ్‌సైట్లు పేటపేటకూ ఒక పేజీ పెడుతున్నాయి. మంచిదే. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసుకుంటూ సొంతూళ్లో ఇల్లు కట్టుకోవాలనుకునే పిల్లలకు అవే ఆధారం. కానీ ఏది తెరిచినా ఒకే పాట: విమానాశ్రయం దగ్గర, హైవే దగ్గర, ప్రశాంత వాతావరణం.

మా మేనల్లుడు అలాంటి పేజీ చూసి శివార్లో 200 గజాలు కొన్నాడు. ఈసీ (స్థలంపై అప్పులు, లావాదేవీలు చూపే ధ్రువపత్రం) చూసుకున్నాడు, కాగితాల్లో తేడా లేదు. తొలి తుపాను వానకే హద్దురాళ్లు మునిగిపోయాయి. మూడు రోజులైనా నీరు లాగలేదు. అక్కడ గొర్రెలు కాస్తున్న పెద్దాయన, ‘ఇది గెడ్డ (వాగు) పారే దారి బాబూ, మా తాతల నాడూ నీళ్లు ఇటే వచ్చేవి’ అన్నాడు. ఆ ముక్క కొనకముందు చెవిన పడి ఉంటే వాడి పదేళ్ల కష్టార్జితం నీళ్లపాలయ్యేది కాదు.

2016 నాటి రెరా (స్థిరాస్తి వ్యాపార నియంత్రణ) చట్టం ప్రకారం ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. తప్పుడు ప్రకటన నమ్మి నష్టపోతే పరిహారం కూడా అడగవచ్చు. మరి పేట మంచిచెడ్డలు ఎవరు చెప్పాలి? అక్కడ బతికేవాళ్లే. వెబ్‌సైట్లవాళ్లకు నా మనవి: పాలు పోసే మనిషిని, ఆశా కార్యకర్తను, పొదుపు సంఘం అక్కచెల్లెళ్లను అడిగి ఆ పేజీలు రాయించండి. వాళ్లు చెప్పిన మాట అమ్మకానికి అడ్డమైనా తీసేయకండి. ఒక్కటి మాత్రం వద్దు. ఏ వీధిలో ఏ కులం వాళ్లు, ఏ మతం వాళ్లు ఉంటారన్నది ఎవరు అడిగినా రాయకండి. ఇల్లు అద్దెకిచ్చే దగ్గర ఆ ప్రశ్న మనుషుల్ని ఎంత గాయపెడుతుందో చూశాను.

మా వీధి వరకు నేనే రాసిస్తాను. కుళాయి తెల్లారి ఆరింటికి వస్తుంది, గంటలో ఆగిపోతుంది. వేసవిలో బోరు అడుగంటుతుంది. పెద్ద వాన పడితే కల్వర్టు దగ్గర మోకాలి లోతు నిలుస్తుంది, రెండు గంటల్లో లాగేస్తుంది. రాత్రి తొమ్మిది దాటితే ఆటో దొరకదు. సిరిమానోత్సవం రోజు బండి బయటికి తీయలేరు. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఎదురింటివాళ్లు తలుపు తీస్తారు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం