పైరేట్స్‌ని వదిలి ఎక్కడికి పోనురా

పిట్స్‌బర్గ్,
నవంబర్ 2025

ఒరేయ్ రవీ,

మా ఊరి బేస్‌బాల్ టీమ్ పైరేట్స్‌లో బంతి వేసే పాల్ స్కీన్స్‌కి సై యంగ్ అవార్డు వచ్చిందిరా! వెంటనే ఫోన్ చేద్దామనుకున్నాను కానీ అప్పటికి మీకింకా తెల్లవారలేదు. పైగా ఎప్పుడూ ఓడే పైరేట్స్‌ని వదిలెయ్యొచ్చు కదా అని మొన్న నువ్వు అడిగిన ప్రశ్న ఫోన్లో తేలేది కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ముందు అమ్మకి నా నమస్కారాలు చెప్పు. మోకాలి ఆపరేషన్ తర్వాత మెట్లెక్కగలుగుతోందా?

సై యంగ్ అంటే ఆ ఏడాది లీగ్‌లో అందరికంటే గొప్పగా బంతి వేసిన పిచ్చర్‌కి ఇచ్చేది. ఓటేసిన ముప్పై మందీ మొదటి స్థానం అతనికే రాశారు. తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున అతను ఇచ్చిన పరుగులు 1.97. మ్యాచ్ మొత్తం అతని చేతే వేయిస్తే అవతలివాళ్లకి రెండు పరుగులు కూడా రావన్నమాట. ఇక్కడ గెలుపోటముల్ని పిచ్చర్ల ఖాతాలో కూడా రాస్తారు. ఇంత గొప్పగా వేసినవాడి ఖాతాలో 10 గెలుపులు, 10 ఓటములు! మావాళ్లు పరుగులు చేస్తేగా? ఈ ఏడాది మేజర్ లీగ్ (ఇక్కడి అన్నిటికంటే పెద్ద బేస్‌బాల్ లీగ్) మొత్తంలో అందరికంటే తక్కువ హోమ్ రన్లు, అంటే మన సిక్సర్ల లాంటివి, కొట్టింది పైరేట్సే. 162 మ్యాచ్‌ల్లో 71 గెలిచి 91 ఓడాం.

లాస్ ఏంజెలెస్ టీమ్ డాడ్జర్స్ వరసగా రెండేళ్లు కప్పు కొట్టారు, వాళ్లకి మారిపోవచ్చు కదరా అన్నావు. పద్దెనిమిది సీజన్లు ఆర్‌సీబీని వదలనివాడివి నువ్వు. మొన్న జూన్‌లో కప్పు గెలిచిన రాత్రి గొంతు పూడుకుపోయి నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేకపోయావు. నా సంగతి నీకు తెలియనిదేమీ కాదు. అయినా అడిగావు కాబట్టి మొదటి నుంచీ చెప్తాను.

2009లో ఎంఎస్‌కి ఇక్కడికి వచ్చినప్పుడు నాకు బేస్‌బాల్ అంటే ఏమీ తెలియదు. పైరేట్స్ పేరు మొదట విన్నది రింకూ సింగ్, దినేశ్ పటేల్ వల్ల. జావెలిన్ విసిరే ఆ ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లిద్దర్నీ మన దేశంలో పెట్టిన ఒక టీవీ పోటీలో ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చారు. 2008 చివర్లో పైరేట్స్ వాళ్లతో ఒప్పందం చేసుకుంది. ఇద్దరూ మేజర్ లీగ్ దాకా రాలేదు కానీ, మనవాళ్లని తీసుకున్న టీమ్ అని నాకు అభిమానం మొదలైంది. ల్యాబ్‌లో ఆ మాట చెప్తే అందరూ జాలిగా చూశారు. అప్పటికే వరసగా పదహారు సీజన్లు ఓడిన టీమ్ అది.

ఆ వరస ఎక్కడ మొదలైందో ఈ ఊళ్లో ఎవర్ని అడిగినా కళ్లముందు జరిగినట్టే చెప్తారు. 1992 అక్టోబర్, అట్లాంటా టీమ్‌తో సెమీఫైనల్ లాంటి సిరీస్‌లో చివరిదైన ఏడో మ్యాచ్, వాళ్ల ఊళ్లోనే. చివరి ఇన్నింగ్స్ మొదలయ్యేసరికి 2-0తో మనదే ఆధిక్యం. అది 2-1 అయింది, ఇంకొక్క ఔట్ తీస్తే వరల్డ్ సిరీస్‌కి, అంటే ఫైనల్‌కి, వెళ్తాం. అప్పుడు అట్లాంటా ఆటగాడు ఫ్రాన్సిస్కో కాబ్రెరా కొట్టిన బంతికి రెండు పరుగులు వచ్చాయి. రెండోది చేసింది సిడ్ బ్రీమ్. మోకాలికి ఎన్నో ఆపరేషన్లు అయిన మనిషి, రెండేళ్ల ముందు దాకా పైరేట్స్‌కే ఆడినవాడు. అతన్ని ఔట్ చేయడానికి మా స్టార్ బ్యారీ బాండ్స్ విసిరిన బంతి ఒక్క క్షణం ఆలస్యమైంది. ఆ శీతాకాలంలోనే బాండ్స్ వేరే టీమ్‌కి వెళ్లిపోయాడు. 1993 నుంచి 2012 దాకా ఇరవై సీజన్లు, ప్రతిసారీ గెలుపుల కంటే ఓటములే ఎక్కువ. అమెరికాలో పెద్ద లీగుల్లో ఇంకే టీమూ వరసగా అన్నేళ్లు ఓడలేదు.

అందులో చివరి నాలుగేళ్లు నేనూ ఉన్నాను. 2010లో మిల్వాకీ చేతిలో 20-0తో ఓడారు. టీమ్ చరిత్రలోనే అంత ఘోరమైన ఓటమి లేదు. అయినా వేసవి సాయంత్రాలు రేడియోలో మ్యాచ్ వింటూ వంట చేసుకోవడం అలవాటైపోయింది. దాదాపు రోజూ మ్యాచ్ ఉండే ఆట కదా, ఆ కామెంటరీ ఇంట్లో మనిషి గొంతులా ఉంటుంది. పరాయి ఊళ్లో ఒంటరిగా ఉన్న రోజుల్లో నాకు తోడున్నది ఆ టీమే.

ఇక 2013 అక్టోబర్ 1 గురించి చెప్పకుండా ఎలా? 94 మ్యాచ్‌లు గెలిచి, సిన్సినాటీ రెడ్స్‌తో వైల్డ్ కార్డ్ మ్యాచ్‌కి వచ్చాం, ఓడితే ఇంటికే అన్న ఒక్క నాకౌట్ మ్యాచ్ అది. మా మైదానం పీఎన్‌సీ పార్క్ నిండా నల్ల చొక్కాలే. రెండో ఇన్నింగ్స్‌లో మార్లన్ బర్డ్ హోమ్ రన్ కొట్టాడు. ఇక జనమంతా అవతలి పిచ్చర్ జానీ క్వేటో పేరు సాగదీసి పాడటం మొదలుపెట్టారు. నలభై వేల గొంతులురా! బంతి అతని చేతిలోంచి జారి కింద పడింది. తర్వాతి బంతికే రస్సెల్ మార్టిన్ హోమ్ రన్. 6-2తో గెలిచాం. నా పక్కన కూర్చున్న పెద్దాయన నన్ను పట్టుకుని భోరుమన్నాడు. మా ఇద్దరికీ ముందు పరిచయం లేదు, పేర్లు కూడా అడుక్కోలేదు.

ఆ తర్వాత రెండేళ్లూ వైల్డ్ కార్డ్ దగ్గరే ఓడిపోయాం. 2015లో 98 మ్యాచ్‌లు గెలిచి కూడా! 2018 జనవరిలో మా స్టార్లు ఆండ్రూ మెకచన్‌నీ, గెరిట్ కోల్‌నీ వేరే టీమ్‌లకి ఇచ్చేశారు. 2019 నుంచి మళ్లీ వరసగా ఏడు సీజన్లు ఓటమే.

నాకు కోపం తెప్పించేది ఇక్కడేరా. ఐపీఎల్ వేలంలో అందరికీ పర్స్ ఒకటే. మీ ఆర్‌సీబీ ఓడినా, గెలవాలని చూసి ఓడింది. ఇక్కడ జీతాలకి గట్టి పరిమితి లేదు. డాడ్జర్స్ లాంటివాళ్లు కుమ్మరిస్తారు, మా యజమాని మాత్రం ఏళ్ల తరబడి చేయి బిగించే కూర్చున్నాడు. ఓడినవాళ్లకి డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త కుర్రాళ్లని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే చోట, మంచి కుర్రాళ్లు దొరుకుతారు. 2011లో కోల్, 2023లో స్కీన్స్ అలా మొదటి ఎంపికలో వచ్చినవాళ్లే. వాళ్లు బాగా ఆడి జీతం పెరిగే వేళకి చేయి దాటిపోతారు. ఈ ఏప్రిల్‌లో సొంత మైదానంలో మొదటి మ్యాచ్‌కే జనం టీమ్‌ని అమ్మెయ్యమని అరిచారు. నేనూ గొంతు పోయేలా అరిచాను.

అదే నెలలో ఇంకోటి జరిగింది. పైరేట్స్ పాత ఆటగాడు రాబర్టో క్లెమెంటే గౌరవార్థం మైదానం కుడివైపు గోడ మీద ఉండే ఆయన చొక్కా నంబర్ 21 గుర్తు తీసేసి, అక్కడ మద్యం ప్రకటన పెట్టారు! సరిగ్గా 3,000 హిట్లు కొట్టి, 1972 డిసెంబర్ 31న నికరాగ్వా భూకంప బాధితులకి సాయం తీసుకెళ్తూ విమాన ప్రమాదంలో పోయిన మహానుభావుడు ఆయన. ఆ గోడ ఎత్తు 21 అడుగులు ఉన్నది కూడా ఆయన కోసమే. ఆయన కుటుంబమూ, జనమూ గట్టిగా అడిగితే గుర్తు మళ్లీ పెట్టారు. మేమంతా డాడ్జర్స్ వైపు వెళ్లిపోయి ఉంటే ఆ గోడ సంగతి ఎవడు అడిగేవాడు చెప్పు?

నువ్వు చూడాల్సిన గోడ ఇంకోటుంది, నేను చదివిన యూనివర్సిటీ దగ్గరే. పైరేట్స్ పాత మైదానం ఫోర్బ్స్ ఫీల్డ్ పడగొట్టాక మిగిలిన ఇటుక గోడ. 1960 వరల్డ్ సిరీస్‌లో న్యూయార్క్ యాంకీస్ మొత్తం 55 పరుగులు చేస్తే మనం 27 చేశాం, కానీ సిరీస్ మనమే గెలిచాం! అక్కడే ఏడో మ్యాచ్‌లో మన బిల్ మజరాస్కీ గెలిపించే చివరి హోమ్ రన్ కొట్టాడు. ప్రతి అక్టోబర్ 13న జనం ఆ గోడ దగ్గర చేరి, ఆనాటి రేడియో కామెంటరీ మొదటి నుంచీ వింటారు. అప్పటిలాగే 3:36కి ఆ హోమ్ రన్ వస్తుంది, అందరూ అప్పుడే జరిగినట్టు ఎగిరి గంతేస్తారు. ఈసారి మా అమ్మాయిని తీసుకెళ్లాను. దాని పక్కన నిలబడ్డ ముసలాయన ఆ రోజు బడి ఎగ్గొట్టి మ్యాచ్ చూశాట్ట. గంటసేపు దానికి స్కోరు రాయడం నేర్పించాడు.

వచ్చే వేసవిలో ఆఫీసు పని మీద న్యూజెర్సీ వస్తానన్నావు కదా, కారులో ఆరు గంటలు, తప్పకుండా ఇటు రా. పొద్దున్న పెన్ హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి దర్శనం, సాయంత్రం మ్యాచ్. మూడో బేస్ వైపు కూర్చుంటే నది, క్లెమెంటే వంతెన, డౌన్‌టౌన్ అన్నీ ఎదురుగా కనిపిస్తాయి. స్కీన్స్ ఐదారు రోజులకోసారే వేస్తాడు కాబట్టి డేట్లు కాస్త ముందుగా చెప్పు, అతను వేసే రోజు కుదిరేలా టికెట్లు నేను తీస్తాను. మీ ఆర్‌సీబీ చొక్కా వద్దు, నీ సైజు నల్ల చొక్కా ఒకటి కొని ఉంచుతాను.

నీ
శీను